మాననివ్వని చెయ్యి

బీర్పూర్,
9 ఫిబ్రవరి 2025

మేనకోడలు సృజనకు మామ లక్ష్మీరాజం దీవెనలు.

ఇక్కడ మనుషులం బాగానే ఉన్నాం. బాగా లేనిది చుక్కి.

చుక్కి నీకు గుర్తుండే ఉంటుంది. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న బర్రె. దాని తల్లి ఈనగానే చచ్చిపోతే మీ అత్త సీసాతో పాలు తాగించి పెంచింది. నువ్వు ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు నీ చున్నీ సగం నమిలింది కూడా ఇదే. ఇప్పుడు ఏడు నెలల సూడిది. మొన్న మంగళవారం పొలం గట్టు మీద ముళ్లకంచె గీరుకుని కుడి పిర్ర తెగింది. చిన్నగా కాదు, నా నాలుగు వేళ్లు లోపలికి పోయేంత.

రక్తం చూసి మీ అత్త కూలబడింది. నేనే ధైర్యం చేసి గుప్పెడు పసుపు కూరి, మీ బావ మహిపాల్ సిరిసిల్ల నుండి తెచ్చిన మగ్గం దారంతో, గోనెసంచులు కుట్టే దబ్బనంతో తొమ్మిది కుట్లు వేశాను. టైలరు కూడా అంత చక్కగా వేయడు. రెండు రోజులు నా పనితనాన్ని నేనే మెచ్చుకున్నాను. మూడో రోజు వాచింది. ఈ రోజు చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుంది. మేత ముట్టడం లేదు, నెమరు వేయడం లేదు. కుట్ల దగ్గర వాసన కూడా మొదలైంది.

మండలం డాక్టరును పిలువు అంటుంది మీ అత్త. పిలిస్తే ఎట్లా తెగింది, ఎవరు కుట్టారు అని ఆయన వంద అడుగుతాడు. నువ్వు కోరుట్ల పశువుల కాలేజీలో డాక్టరమ్మగా ఉండగా నాకు ఆ అవస్థ ఎందుకు? ఏం చేయాలో రాయి.

నాకు ఫోన్ చేయకు. పదకొండేళ్ల కింద కల్లు గీస్తూ తాటిచెట్టు మీద నుండి పడ్డప్పటి నుండి నా చెవులు అలంకారానికే ఉన్నాయి. మీ అత్తకూ చేయకు, అసలే భయపడి ఉంది. మహిపాల్‌కు మాత్రం తెలియనివ్వకు. వాడికి ఒక్కటే పాట. "బర్రెనమ్ము, చెట్లిడిసిపెట్టు, సిరిసిల్లకొచ్చి నా ఇంట్ల కూసో" అంటాడు. ఆ మగ్గాల మధ్య నేనేం కూర్చుంటాను?

అక్షరాలు వంకర పోతున్నాయి, చలి అనుకో. చుక్కికి ఏమన్నా అయితే మీ అత్త ముఖం చూసే ధైర్యం నాకు లేదు. భయంగా ఉంది కోడలా. నీతో తప్ప ఎవరితోనూ ఈ మాట అనలేదు.

మన పోస్టు నవ్య బండి ఎప్పుడు వస్తుందా అని వాకిట్లోనే ఉంటాను.

మీ మామ
లక్ష్మీరాజం

---

కోరుట్ల,
12 ఫిబ్రవరి 2025

మామకు సృజన దండాలు.

ముందు ఒక మాట. నేను డాక్టరమ్మను కాను. ఊరంతా ఆ పేరు పెట్టింది నువ్వే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అన్నట్టు, పశువుల కాలేజీలో జీతం తీసుకుంటే డాక్టరే అని నీ లెక్క. నేను చేసేది లేబరేటరీ పని. చచ్చిన పశువుల తోలు, కండరం, కాలేయం ముక్కలు నా దగ్గరికి వస్తాయి. వాటిని మైనంలో పోసి, గట్టిపడ్డాక మిషన్ మీద వెంట్రుక కంటే పలచగా కోసి, అద్దం ముక్క మీద పరిచి రంగు వేస్తాను. పిల్లలు వాటిని లెన్సు కింద చూసి చదువుకుంటారు. బతికి ఉన్న పశువుకు నేను ఇంతవరకు పట్టీ కూడా కట్టలేదు.

అందుకే నీ ఉత్తరం సుశీల మేడంకు చదివి వినిపించాను. ఆమె నిజమైన డాక్టరు. మగ్గం దారం, దబ్బనం అనగానే నెత్తి కొట్టుకుంది. "అది కుట్టు కాదమ్మా, మూత" అంది. లోపల మట్టి, చెడిన కండ ఉండగా పైన మూసేశావు. చీము పోవడానికి తోవ లేక లోపలే ఊరుతోంది. ఇంకా ఆలస్యమైతే ఆ విషం రక్తంలో కలుస్తుందని చెప్పింది. అప్పుడు బర్రె, దూడ రెండూ దక్కవు. దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు భయపడితేనే కదులుతావు.

ఈ ఉత్తరం అందిన పూటే మండలం డాక్టరును పిలువు. కుట్లు విప్పించు, చీము తీయించు, ఇంజక్షన్లు వేయించు. ఆయన ఏం అడిగినా నిజం చెప్పు.

తరువాతి పని నీదే. రోజూ కాచి చల్లార్చిన ఉప్పు నీళ్లతో కడుగు, ఈగలు వాలకుండా చుట్టూ మందు రాయి. ఇంత లోతు గాయం అడుగు నుండి పైకి మానాలి మామా. ముందు అడుగున కొత్త కండ పుట్టి గుంత నిండాలి. ఆ తరువాతే అంచుల నుండి తోలు పాకి కలవాలి. కానీ తోలుకు తొందర ఎక్కువ. అది ముందే కలిసిపోతే లోపల మళ్లీ చీము పడుతుంది. కాబట్టి అడుగు నిండేదాకా గాయం నోరు మూసుకోనివ్వకు. ఈ మాట కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశాను చూడు.

నేనే వచ్చేదాన్ని. ఈ నెల కాలేజీకి తనిఖీ ఉంది, సెలవు దొరకడం లేదు.

అత్తను జాగ్రత్తగా చూసుకో.

సృజన

---

బీర్పూర్,
20 ఫిబ్రవరి 2025

కోడలు సృజనకు,

నువ్వు డాక్టరువు కాదని రాసిన మాట ఎవరికీ చూపించలేదు. నీ పరువు నా దగ్గర భద్రంగా ఉంది.

నీ ఉత్తరం శనివారం అందింది. ఆ రోజే డాక్టరు వచ్చాడు. కుట్లు కోయగానే కల్లు లొట్టి పగిలినట్టు చీము కారింది. మీ అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఐదు రోజులు ఇంజక్షన్లు పడ్డాయి. జ్వరం దిగింది. మూడో నాడు చుక్కి గడ్డి కొరికితే మీ అత్త పోచమ్మకు కోడిని మొక్కుకుంది.

ఇక నోరు మూసుకోనివ్వకపోవడం గురించి నువ్వు ఎర్రగీతలు గీయనక్కర లేదు. ఆ పని నాకు ఎవరూ నేర్పాల్సింది లేదు. ముప్పై ఎనిమిదేళ్ల నుండి నా వృత్తి అదే కదా. తాటి గెల కొసను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కాగితమంత పలచగా చెక్కితేనే కల్లు కారుతుంది. ఒక్క పూట ఏమరితే కొస ఎండి మూసుకుపోతుంది. చెట్టు ఎంత మానాలని చూసినా మాననివ్వని చెయ్యి నాది.

కానీ కొత్త భయం ఒకటి పట్టుకుంది. గుంత అడుగున దుర్మాంసం పుడుతోంది. కోడిపుంజు జుట్టులాగా ఎర్రగా, గింజలు గింజలుగా ఉంది. ముట్టుకుంటే చాలు నెత్తురు. పొద్దున లేదనుకుంటే సాయంత్రానికి మళ్లీ ఉంటుంది. మా అమ్మకు, అంటే మీ అమ్మమ్మకు, మడమ మీద ఇట్లాంటి దుర్మాంసమే పెరిగింది. ఏడాది తిరగకుండా పోయింది. ఆమె ఆఖరి రోజుల్లో మూలిగిన మూలుగు ఈ చెవిటి చెవులకు ఇప్పటికీ వినబడుతుంది.

ఈ సంగతి మీ అత్తకు చెప్పలేదు. ఆమె పొద్దున్నే పసుపు ఉడకబెట్టే కూలికి పోతుంది. గాయం నేనే చూసుకుంటున్నాను.

అది ఆ రోగమేనా? ఉన్నదున్నట్టు రాయి.

లక్ష్మీరాజం

---

కోరుట్ల,
24 ఫిబ్రవరి 2025

మామకు,

నీ ఉత్తరం లేబరేటరీలోనే చదివాను. చదివాక ఆ రోజు పని సరిగా చేయలేకపోయాను.

మా దగ్గర ఒక బీరువా ఉంది. అందులో చెడ్డ గడ్డల ముక్కలుంటాయి. కంటిలో పుట్టినవి, కొమ్ము మొదట్లో పుట్టినవి, పాత పుండ్ల మీద పుట్టినవి. అన్నీ నేను కోసినవే. నువ్వు దుర్మాంసం అనగానే, రక్తం, మళ్లీ మళ్లీ పెరగడం, అమ్మమ్మ కాలు అనగానే నా కళ్ల ముందు ఆ బీరువా తలుపు తెరుచుకుంది. అది అదేనని నేను చెప్పడం లేదు. కాదని చెప్పే ధైర్యం కూడా నాకు లేదు. సుశీల మేడం ట్రైనింగు కోసం హైదరాబాదు పోయింది, మార్చి మూడున వస్తుంది. వేరే డాక్టర్లను అడుగుదామని వాళ్ల గది దాకా పోయి తిరిగి వచ్చాను. ఒకవేళ అవునంటే?

నాకు ఫోటో కావాలి. మహిపాల్ బావకు నేను ఫోన్ చేస్తాను. కోప్పడకు, ఇంక దాచి లాభం లేదు. ఆదివారం ఊరికి వచ్చి ఫోటో తీసి నా ఫోన్‌కు పంపమంటాను. ముళ్లకంచె తగిలిందని మాత్రమే చెబుతాను.

కండ గాయం అంచులు దాటి బయటికి పొంగుతోందా? దానంతట అదే నెత్తురు కారుతోందా? పక్కన వేరే గడ్డలు ఉన్నాయా? చూసి రాయి.

మేడం వచ్చేదాకా ఇప్పుడు చేస్తున్నట్టే చేస్తూ ఉండు. నోరు మాత్రం మూసుకోనివ్వకు.

సృజన

---

బీర్పూర్,
2 మార్చి 2025

సృజనా,

మహిపాల్ పొద్దున వచ్చి ఫోటో తీసి మధ్యాహ్నం బస్సుకే సిరిసిల్ల పోయాడు. వాడి పాట వాడు పాడే ఉంటాడు, నేను అటు తిరిగి కూర్చున్నాను.

నువ్వు అడిగిన ప్రశ్నలతోనే నాకు సంగతి తెలిసిపోయింది. అంత భయం లేకపోతే అట్లా అడగవు.

కండ పొంగడం లేదు, నేను పొంగనివ్వడం లేదు. నెత్తురు మాత్రం రోజూ పోతోంది. చుక్కి పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. నిలబడే కునుకుతోంది. కడుపులో దూడ కదలడం తగ్గిందని మీ అత్త పొట్టకు చెవి ఆనించి కూర్చుంటోంది. ఆమె ముఖం చూసి అర్థం చేసుకోవాలి నేను. నిన్న ఆ ముఖంలో ఏమీ కనబడలేదు.

ఇంకొకటి ఉంది. నేను కొట్టంలోకి అడుగు పెడితే చాలు చుక్కి వణుకుతోంది. కట్టుగొయ్య పీక్కుని పోవాలని చూస్తోంది. మీ అత్త చూసింది. "నిన్ను జూస్తె ఎందుకు గంత బెదురుతంది?" అని అడిగింది. ఆమె పెదవుల మీది మాట చదవడం నాకు పదకొండేళ్ల అలవాటు. అర్థం కానట్టు తల తిప్పుకున్నాను.

భూమయ్య కూడా వచ్చి చూసిపోయాడు. అదే, కాలువ గట్టు మీది రెండు తాటిచెట్ల కోసం పోయినేడు నాతో తగవు పడ్డ తోటి గీత కార్మికుడు. చాలాసేపు కొట్టం దగ్గర నిలబడ్డాడు. చుక్కిని, నన్ను మార్చి మార్చి చూశాడు.

రోజుకు రెండుసార్లు గాయం ముందు నిలబడడానికి నా గుండె చాలడం లేదు. అయినా నువ్వు చెప్పినట్టు ఒక్క పూట కూడా తప్పలేదు.

లక్ష్మీరాజం

---

కోరుట్ల,
4 మార్చి 2025

మామా,

మంచి మాట ముందు. అది చెడ్డ గడ్డ కాదు. సుశీల మేడం ఫోటో చూసింది. ఆ ఎర్రటి గింజలే కొత్త కండ అట. సన్నటి రక్తనాళాలు గుత్తులు గుత్తులుగా పైకి వచ్చి, వాటి చుట్టూ కండ అల్లుకుంటే అట్లా కనిపిస్తుంది. అది పుట్టడమే మానడం. దానిమ్మ గింజల్లా ఎర్రగా, తడిగా ఉంటే దండం పెట్టుకోవాలంది. అద్దం మీద రంగులో దాన్ని నేను వందసార్లు చూశాను, బతికిన ఒంటి మీద ఎట్లా ఉంటుందో తెలియక నిన్ను చంపినంత పని చేశాను. నన్ను క్షమించు.

ఇక రెండో మాట. మేడం ఫోటోను పెద్దది చేసి చూపించింది. గుంత అడుగున, అంచుల మీద సన్నటి గీతలు ఉన్నాయి. ముల్లు గీరితే అట్లా ఉండదు. నాకు ఆ గీతలు బాగా తెలుసు, రోజూ నా మిషన్ వేసేవి అవే. మామా, ఎవరో ఆ గాయాన్ని కత్తితో కోస్తున్నారు. ఒక్కసారి కాదు. పుట్టిన కండను పుట్టినట్టే, పలచగా, రోజూ చెక్కేస్తున్నారు. అందుకే నెలయినా మానలేదు. ఇంకో పదిరోజులు ఇట్లాగే సాగితే నెత్తురు చాలక ప్రాణం పోతుందని మేడం చెప్పింది.

ఎవరికి మన మీద అంత పగ? ఉత్తరం చేరేసరికి ఆలస్యమవుతుందని మహిపాల్ బావకు ఫోన్ చేసి చెప్పాను. బావ అత్తకు చెబుతానన్నాడు. చుక్కిని ఒంటరిగా వదలకండి. ఎవరినీ దగ్గరికి రానివ్వకండి. నీకు అనుమానం ఉన్న మనిషి ఎవరైనా ఉంటే నలుగురిలో పెట్టి అడగండి.

సృజన

---

బీర్పూర్,
9 మార్చి 2025

కోడలా,

ఆ కోసింది నేను.

ఈ ఒక్క ముక్క రాయడానికి మూడు కాగితాలు చింపాను. మిగతాది వరుసగా రాస్తాను, నిదానంగా చదువు.

మంగళవారం సాయంత్రం మీ అత్త ఫోన్ మాట్లాడి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఏదేదో చెప్పింది. అంత వేగంగా మాట్లాడితే నేను చదవలేను. చుక్కి గురించి అని మాత్రం తెలిసింది. ఆ పూట నుండి ఆమె కొట్టం వదలలేదు. మంచం అక్కడే, తిండి అక్కడే. నాకు గాయం దగ్గరికి పోయే వీలు లేకపోయింది. నోరు మూసుకుపోతుందేమోనని నేను అల్లాడిపోయాను. ఎంత మూర్ఖుడినో చూడు.

శుక్రవారం నీ ఉత్తరం వచ్చింది. చదివి వాకిట్లోనే కూర్చుండిపోయాను. గాయం నోరు మూసుకోనివ్వకు అన్నావు. నోరు మూసుకోకుండా ఉంచడానికి నాకు తెలిసింది ఒక్కటే పద్ధతి. పొద్దున ఒక గీత, సాయంత్రం ఒక గీత. చుక్కి కాళ్లు కట్టేసి, మీ అత్త లేని వేళ చూసి, నా చెట్టు కత్తితోనే చెక్కాను. దుర్మాంసం అనుకున్నదాన్ని వేళ్లకు తగలకుండా పోయేదాకా తీసేశాను. అది మూగది, ఓర్చుకుంది. అందుకే నన్ను చూసి వణికింది. ఎవరికి మన మీద అంత పగ అని రాశావు చూడు, ఆ ముక్కను మూడుసార్లు చదివాను.

చెబుదామనుకున్నాను. శుక్రవారం చెప్పలేదు. శనివారం పొద్దున కూడా చెప్పలేదు. చెబితే కత్తి మాట వస్తుంది, కత్తి మాట వస్తే మొదటి గాయం మాట వస్తుంది. మింగలేక కక్కలేక తిరిగాను.

శనివారం సాయంత్రం కల్లు గీత సంఘం దగ్గర జనం పోగయ్యారు. మీ అత్త నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. నాకు ఏమీ వినబడదు కదా, నోళ్లు కదలడం చూస్తూ నిలబడ్డాను. మీ అత్త వేలు లేచింది. ఆ వేలు భూమయ్య వైపు తిరిగింది. భూమయ్య ముఖం నల్లబడింది. భుజం మీది తువ్వాల తీసి నేల మీద పరిచి, దాని మీద మోకాళ్లూని ఒట్టు వేయబోయాడు. అరవై ఏళ్ల మనిషి. పక్కనున్న పోస్టు నవ్యను ఏమిటని అడిగితే కవరు వెనక రాసి చూపించింది. "గీ కోత గీత కత్తి కోతే, గిది భూమయ్య పనే అని మీ రాజవ్వ అంటంది. తప్పు ఒప్పుకోకుంటె ఊరిడిసి పొమ్మంటండ్రు."

నాకు చెట్టు మీద నుండి జారినప్పుడు కూడా అంత భయం వేయలేదు.

"ఆగుండ్రి" అని అరిచాను. నా గొంతు ఎంత లేస్తుందో నాకు తెలియదు, అందరూ తిరిగారు కాబట్టి గట్టిగానే అరిచి ఉంటాను. "గా కత్తి నాది. కోసింది నేను. మొదటిసారి కోసింది గూడ నేనే" అన్నాను.

సృజనా, ముళ్లకంచె అబద్ధం. ఆ మంగళవారం చుక్కి నా తాటిచెట్టు కిందే మేస్తోంది. నేను పైన నడుముకు మోకుతాడు బిగించి గెల గీస్తున్నాను. ఉన్నట్టుండి కుడిచెయ్యి వణికింది. వేళ్లలో పట్టు పోయింది. కత్తి జారి నలభై అడుగుల కింద చుక్కి పిర్రలో దిగింది. ఆ వణుకు ఆరు నెలల నుండి ఉంది. నా అక్షరాలకు చలి కాదు కారణం. చెబితే మహిపాల్ చెట్లు మాన్పిస్తాడు, మీ అత్త మోకు పొయ్యిలో పెడుతుంది. కులవృత్తి పోయిన చెవిటివాడు ఇంట్లో ఏ మూల కూర్చోవాలి? ఆ భయంతో దాచాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాను.

అందరి ముందు చెయ్యి చాచి చూపించాను. అది వణుకుతూనే ఉంది. మీ అత్త దగ్గరికి వచ్చి ఆ చెయ్యిని చాలాసేపు చూసింది. కొడుతుందనుకున్నాను. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "నువ్వు పడుతవని పదకొండేండ్ల సంది రోజు మనసుల నీ దినం జేసుకుంటున్న. ఒక్కమాట జెప్పక పోతివి" అంది. తరువాత భూమయ్య కాళ్ల మీద పడింది. భూమయ్య ఆమెను లేపి, తువ్వాల దులుపుకుని ఇంటికి పోయాడు. నా వైపు చూడలేదు.

చుక్కి బుధవారం కూలబడింది, ఇంకా లేచి నిలబడడం లేదు. కత్తి పెట్టక ఐదు రోజులు అయింది. బతుకుతుందా?

నీ మామ

---

కోరుట్ల,
12 మార్చి 2025

మామా,

నిన్ను తిట్టే హక్కు నాకు లేదు. నువ్వు ఏం చేస్తున్నావో ఫిబ్రవరి ఇరవైనే రాశావు. కాగితమంత పలచగా చెక్కుతానని, మాననివ్వని చెయ్యి నాదని రాశావు. నేను దాన్ని నీ గొప్పలు అనుకుని నవ్వుకున్నాను. గాయం నోరు తెరిచి ఉంచడమంటే గుంతలో శుభ్రమైన గుడ్డ వత్తి పెట్టడం, కడగడం అని రాయాల్సింది నేను. మాకు తెలిసిందే అందరికీ తెలుసనుకుంటాం. పైగా, నలుగురిలో పెట్టి అడగమని రాసింది కూడా నేనే. భూమయ్య ఒట్టుకు కారణం సగం నేను.

నేను కూడా ఒకటి ఒప్పుకోవాలి. సెలవు దొరకడం లేదన్నది అబద్ధం. నాకు భయం. మైనంలో ఉన్న ముక్కను ఎంతసేపైనా కోస్తాను, కారే నెత్తురు చూస్తే కళ్లు చీకట్లు కమ్ముతాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆపరేషన్ గదిలో పడిపోయాను, అప్పటి నుండి ఆ వైపు పోలేదు. నేను వచ్చి ఒక్కసారి చూసి ఉంటే మొదటి రోజే తెలిసేది. కాగితం మీద ధైర్యం చెప్పి, కోరుట్లలో దాక్కున్నాను.

ఈ ఆదివారం వస్తున్నాను. సుశీల మేడం పట్టీలు, మందులు ఇచ్చింది. పడిపోతే అత్త మొహం మీద నీళ్లు కొడుతుంది, అంతే కదా. మండలం డాక్టరును కూడా అక్కడికే రమ్మన్నాను. ఐదు రోజులు కత్తి తగలకపోతే గింజలు మళ్లీ కట్టడం మొదలవుతుంది. చుక్కి కండకు నీ మీద కోపం లేదు, తోవ వదిలితే చాలు అది తన పని చేస్తుంది. బతుకుతుందని మాట ఇవ్వలేను. బతకాలని నేను కూడా మొక్కుకున్నాను.

సోమవారం నిన్ను జగిత్యాల తీసుకుపోయి నరాల డాక్టరుకు చూపిస్తాను. రానని అనకు. అప్పటిదాకా చెట్టు ఎక్కకు.

సృజన

---

బీర్పూర్,
20 ఏప్రిల్ 2025

కోడలు సృజనకు,

నువ్వు వచ్చి పోయి నెల దాటింది. నువ్వు పట్టీ కడుతూ పడిపోయిన సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. లేచి, మూతి కడుక్కుని, మళ్లీ కట్టిన సంగతి మాత్రం నేను అందరికీ చెప్పాను. కాబట్టి నువ్వు ఇంకా డాక్టరమ్మవే.

నువ్వు పోయిన పన్నెండో నాడు చుక్కి ఎవరూ లేపకుండా లేచింది. గుంత పూర్తిగా నిండింది. చుట్టూ తోలు పాకుతూ వచ్చి ఇప్పుడు మధ్యలో రూపాయి బిళ్లంత ఎర్రగా మిగిలింది. ఆ చోట వెంట్రుక రాదని, తోలు నున్నగా ఉండిపోతుందని నువ్వు చెప్పినట్టే ఉంది. మొన్న దూడ తన్నడం మీ అత్త నా అరచెయ్యి పెట్టి చూపించింది. ఆ తన్నుకు నాకు ఏడుపు వచ్చింది, ఆమెకు నవ్వు వచ్చింది. చుక్కి మాత్రం నన్ను చూసి ఇంకా ఒక అడుగు వెనక్కి వేస్తుంది. మేత మీ అత్త చేతితోనే తింటుంది.

జగిత్యాల డాక్టరు ఇచ్చిన బిళ్లలు వేసుకుంటున్నాను. వణుకు కొంచెం తగ్గింది. నువ్వు ఆ రోజు కాగితం మీద రాసి చూపించింది దాచుకున్నాను. తోలు మానుతుంది, ఎముక అతుకుతుంది, కండ నిండుతుంది, నరం మాత్రం అట్లా మానదు అని రాశావు. పొద్దున లేవగానే ముందు చెయ్యి చాచి చూసుకుంటాను. ఎంత వణికితే ఆ రోజు అంత భయం. ఆ భయం మానేది కాదని తెలిసింది, దానితోనే ఉంటాను.

చెట్లు ఎక్కడం ఎప్పుడు మానుతావని బస్సు ఎక్కేటప్పుడు అడిగావు. నేను వినబడనట్టు నటించాను. నిజానికి నీ పెదవులు చదివాను.

సంఘం వాళ్లు నా తాటిచెట్లన్నీ భూమయ్యకు ఇస్తామన్నారు. తీసుకుంటాడనుకున్నాను. "గీ ఏడాది వాటికి కత్తి వెట్ట" అన్నాడట. ఆ మాట తెలిసి ఆయన ఇంటికి పోయాను. ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. నేను చెవిటివాడిని, ఆయన మాట్లాడలేదు, కాబట్టి ఇబ్బంది ఏమీ కాలేదు. వచ్చేటప్పుడు చేతిలో రెండు ముంజలు పెట్టాడు.

ఈ ఉత్తరంతో పాటు మహిపాల్ చేత నా కత్తి పంపిస్తున్నాను. పాత లుంగీలో చుట్టాను, విప్పేటప్పుడు వేళ్లు జాగ్రత్త. పదును ఇంకా పోలేదు. ఇంట్లో ఉంటే ఏదో ఒక పొద్దున మోకు వెతుక్కుంటాను, నా సంగతి నాకు తెలుసు. నీ బీరువాలో పెట్టుకో. మన ఇంట్లో పలచగా కోసేది ఇక నువ్వు ఒక్కదానివే.

నిన్న సాయంత్రం కాలువ గట్టు దాకా నడిచి, కింద నిలబడి నా తాటిచెట్లను చూశాను. గెలల కొసలు ఎండి, నల్లబడి, అన్నీ మూసుకుపోయాయి. ముప్పై ఎనిమిదేళ్లలో నా చెట్లు మానడం నేను చూసింది నిన్ననే.

మీ మామ
లక్ష్మీరాజం